వాన రోజు కూడా ఆగని టీమ్: హైబ్రిడ్ పనికి టూల్స్ ఎంచుకోవడం, వాడుకోవడం

జులైలో మధ్యాహ్నం రెండు దాటాక మాదాపూర్ మీద మబ్బు కమ్మితే ఆఫీసుల్లో అందరి చూపు కిటికీల వైపు పోతుంది. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర నీళ్లు నిలిచాయన్న కబురు రాకముందే సగం మంది బ్యాగులు సర్దుకుంటారు. 2023 జులై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలను ఏరియాల వారీగా దఫదఫాలుగా లాగౌట్ చేయమని కోరారు. అందరూ ఒకేసారి రోడ్డెక్కితే గచ్చిబౌలి నుంచి కూకట్‌పల్లి చేరడానికే రాత్రవుతుంది. మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వాళ్లకు ఆ దారీ సగమే.

అలాంటి సాయంత్రం ఏ టీమ్‌నైనా గమనించండి. కొన్ని టీముల్లో మూడున్నరకు ఆఫీసు ఖాళీ అవుతుంది, ఆరింటికల్లా ఎవరింట్లో వాళ్లు కూర్చుని పని ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మొదలుపెడతారు. ఇంకొన్ని టీముల్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. ఆ ఫైల్ ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉంది? క్లయింట్‌కి ఏం చెప్పాం? ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర? రెండు టీములూ ఒకే టూల్స్ వాడుతూ ఉండొచ్చు, ఒకే లైసెన్సులకు డబ్బు కడుతూ ఉండొచ్చు. తేడా ఎక్కడుందో అర్థమైతే టూల్ ఎంచుకోవడం చాలా తేలికైపోతుంది.

హైబ్రిడ్ అనగానే కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు అని లెక్కేస్తాం. పని చేసే టీమ్ వైపు నుంచి చూస్తే ఆ లెక్క సరిపోదు. పన్నెండు మంది ఉన్న టీమ్‌లో రోజూ ఎవరో ఒకరు ఎదురుగా ఉండరు. ఒకరు విజయవాడలో ఉంటారు, ఒకరికి పిల్లాడికి జ్వరం, ఒకరు రాత్రి కాల్ అయ్యాక మధ్యాహ్నం లాగిన్ అవుతారు. అంటే టీమ్‌కి ప్రతిరోజూ వాన రోజే. అందుకే ఆ రోజు గదిలో లేని మనిషిని కొలబద్దగా పెట్టుకోవాలి. ఆ మనిషి ఎవరినీ అడగకుండా తన పని తాను చేసుకోగలిగితే టూల్స్ సరిగ్గా ఉన్నట్టు. అడగాల్సి వస్తే, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా అది అక్కరకు రానట్టే.

ఇప్పుడు మన ఆఫీసుల్లో ఉన్న టూల్స్‌లో చాలావరకు ఇలా ఆలోచించి తెచ్చుకున్నవి కావు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు డెస్క్‌టాప్‌లు కూడా క్యాబుల్లో ఇళ్లకు చేరాయి. ఆ వారం ఎవరికి ఏది దొరికితే అది పెట్టుకున్నారు. జూమ్ అనే పేరు వీడియో కాల్‌కి మారుపేరైంది. అదే ఏడాది నవంబరులో టెలికాం శాఖ బీపీఓ, కాల్ సెంటర్ తరహా సంస్థల నిబంధనలు సడలించడంతో వాటికీ ఇంటి నుంచి పని శాశ్వతంగా వీలైంది. తర్వాత ఆఫీసులు తెరుచుకున్నాయి, హాజరు నియమాలు మారాయి. అప్పుడు హడావుడిగా తెచ్చిన టూల్స్ మాత్రం ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. చాలా టీముల్లో ఒక్క విషయం వెతకాలంటే ఈమెయిల్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, వాట్సాప్, పనుల జాబితా ఉంచే జీరా అన్నీ తిరగాలి.

అసలు చిక్కు ఎక్కడ పుడుతుందో చూడాలంటే కాసేపు స్క్రీన్ వదిలి కిందికి దిగాలి. సాయంత్రం నాలుగున్నర, ఆఫీసు వెనక చాయ్ బండి. ముగ్గురు నిలబడ్డారు, ఒకరు లీడ్, ఒకరు టెస్టింగ్, ఒకరు డిజైన్.

"అన్నా, గురువారం కష్టమే. టెస్టింగ్ అవ్వదు."

"సరే, సోమవారం పెట్టేద్దాం. క్లయింట్‌కి నేను చెప్తాలే."

"అయితే హోమ్ పేజీ పాతదే ఉంచుదామా?"

"ఉంచేయ్."

నలభై సెకన్లలో రెండు నిర్ణయాలు అయిపోయాయి. రెండూ మంచి నిర్ణయాలే. చాయ్ గ్లాసులు పెట్టేసి ముగ్గురూ పైకి వెళ్లారు. నాలుగో మనిషి రాజమండ్రిలో ఉంది. ఆమె బుధవారం రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని కొత్త హోమ్ పేజీ పూర్తి చేసింది. గురువారం పొద్దున స్టాండప్‌లో, అంటే టీమ్ రోజువారీ చిన్న మీటింగ్‌లో తెలిసింది, అది అక్కర్లేదని. ఎవరూ కావాలని ఆమెకు చెప్పకుండా దాచలేదు. ముగ్గురిలో ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరిలో ఎవరో చెప్పే ఉంటారనుకున్నారు.

ఈ గొడవకు మందు ఇంకో యాప్ కొనడంలో లేదు. చాయ్ బండి నుంచి లిఫ్ట్ దాకా నడిచే రెండు నిమిషాల్లో ఒకరు ఫోన్ తీసి టీమ్ ఛానెల్‌లో ఒక్క ముక్క రాస్తే చాలు: రిలీజ్ సోమవారానికి మారింది, కారణం టెస్టింగ్, హోమ్ పేజీ పాతదే, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆరులోపు చెప్పండి. ఆ చివరి భాగం ముఖ్యం. అది లేకపోతే దూరంగా ఉన్న మనిషికి నిర్ణయం తెలుస్తుంది కానీ అందులో చోటు దొరకదు. ముఖాముఖి మాటలు మానేయాలని కాదు. చాయ్ దగ్గర తేలినంత తొందరగా కాల్స్‌లో ఏదీ తేలదు. మాట ఎక్కడైనా జరగొచ్చు, నిర్ణయం మాత్రం రాతలోకి వచ్చాకే నిర్ణయం. ఈ ఒక్క నియమం ఉన్న టీమ్‌కి ఏ టూల్ ఇచ్చినా పని జరుగుతుంది.

ఇక టూల్స్ సంగతి. ఏ టీమ్‌కైనా నాలుగు రకాల అవసరాలు ఉంటాయి: అప్పటికప్పుడు మాట్లాడుకోవడం, వీలు చూసుకుని జవాబిచ్చుకోవడం, నిలవ ఉండాల్సినవి రాసి పెట్టుకోవడం, ఎవరి పని ఎంతదాకా వచ్చిందో చూసుకోవడం. కాల్, చాట్, డాక్యుమెంట్, టికెట్ (ఒక్కో పనికి టూల్‌లో రాసుకునే నమోదు). మన దగ్గర ఈ నాలుగింటినీ చాట్ మింగేస్తోంది. పని అప్పగించడం చాట్‌లోనే, ఫైల్ పంపడం చాట్‌లోనే, లీవ్ అడగడమూ అందులోనే. చాట్ స్వభావం ప్రవాహం. పొద్దున పెట్టిన మాట మధ్యాహ్నానికి రెండు వందల మెసేజీల కిందికి పోతుంది. కాబట్టి ఎంపిక మొదలుపెట్టాల్సింది ఏ చాట్ కొనాలి అన్న ప్రశ్నతో కాదు, చాట్‌లో ఏవి ఉండకూడదు అన్న ప్రశ్నతో. పని అయితే టికెట్‌కి పోవాలి, నిలవ ఉండాల్సిన విషయమైతే డాక్యుమెంట్‌కి పోవాలి, చాట్‌లో వాటి లింక్ ఒక్కటే మిగలాలి.

చాట్ టూల్స్ మధ్య తేడాలు జనం అనుకునేంత పెద్దవి కావు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లైసెన్సులు ఉన్న కంపెనీలో టీమ్స్ చాలా ఏళ్లు ప్యాకేజీతో పాటే వచ్చేది. దాని మీద పోటీ చాట్ టూల్ కంపెనీ స్లాక్ 2020లో యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది, 2024లో మైక్రోసాఫ్ట్ ప్రపంచమంతా టీమ్స్‌ని విడిగా అమ్మడం మొదలుపెట్టింది. అప్పటికే చాలా కంపెనీల్లో అది పాతుకుపోయింది. ఎలాగూ ఉంది కదా అని వాడటం తప్పేమీ కాదు. ఉన్నదాన్ని సరిగ్గా వాడటం నేర్చుకోవడం కొత్తది కొనడం కంటే చాలాసార్లు మేలు. స్లాక్‌లో ఛానెళ్లు, త్రెడ్లు, వెతుకులాట హాయిగా ఉంటాయి. కానీ ఉచిత ప్లాన్‌లో గత 90 రోజుల మెసేజీలే కనిపిస్తాయి, ఏడాది దాటినవి చెరిపేస్తారు. స్టార్టప్ పెట్టిన కొత్తలో ఉచితం కదా అని మొదలుపెట్టి నిర్ణయాలన్నీ అందులోనే దాచుకున్న టీమ్‌కి అది పెద్ద దెబ్బ. గూగుల్ వర్క్‌స్పేస్ వాడేవాళ్లకు డాక్స్, షీట్స్ బలం, చాట్ అంత బలం కాదు. చెన్నై కంపెనీ జోహో వాళ్ల క్లిక్ (చాట్), ప్రాజెక్ట్స్ (పనుల లెక్క) లాంటివి రూపాయల్లో బిల్లు వచ్చే ధరలకు దొరుకుతాయి. పదిమంది ఉన్న ఆఫీసుకు అది చిన్న విషయం కాదు.

వాట్సాప్ గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో పని నిజంగా నడిచేది దాని మీదే. టీమ్ కలిసి పనిచేయడం అంటే ఐటీ ఒక్కటే కాదు. కూకట్‌పల్లిలో వర్క్‌షాప్ ఉన్న ఇంటీరియర్స్ సంస్థను తీసుకుందాం. కొంపల్లిలో ఒక ఫ్లాట్, తెల్లాపూర్‌లో రెండు, వనస్థలిపురంలో ఒక ఇండిపెండెంట్ హౌస్ పనులు నడుస్తున్నాయి. వడ్రంగి మేస్త్రి సైట్‌లో, డిజైన్ చేసే అమ్మాయి ఇంట్లో, ఓనర్ రోడ్డు మీద. ఆ పేరు ఎవరూ వాడకపోయినా ఇది పక్కా రిమోట్ టీమ్. మేస్త్రి టైప్ చేయడు, వాయిస్ మెసేజ్ పెడతాడు: "సార్, బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్‌కి ఆ గోధుమరంగు సన్‌మైకా రెండు షీట్లు తక్కువ పడినయ్, రేపు పొద్దుగాల పంపించుండ్రి." ఏ ఫ్లాట్, ఏ గోధుమరంగు? ఆ రోజు అలాంటి మెసేజీలు ముప్పై వచ్చి ఉంటాయి. కేటలాగ్‌లో గోధుమరంగులు పన్నెండు ఉంటాయి. మర్నాడు ఆటోలో తప్పు షీట్లు దిగుతాయి, పని ఒక రోజు ఆగుతుంది, కూలి మాత్రం ఆగదు.

ఇక్కడ మేస్త్రికి కొత్త యాప్ నేర్పించబోవడం పొరపాటు. అతని చేతిలో సరిగ్గా పనిచేస్తున్నది వాయిస్ మెసేజ్, దాన్ని అలాగే ఉంచాలి. మార్చాల్సింది దాని చుట్టూ ఉన్నదాన్ని. సైట్‌కి ఒక గ్రూప్, గ్రూప్ పేరులోనే ఫ్లాట్ నంబర్. సామాను అడిగినప్పుడు షీట్ వెనక ఉన్న స్టిక్కర్ ఫొటో తప్పనిసరి. రోజూ సాయంత్రం ఆఫీసులో ఒక మనిషి అరగంట కూర్చుని ఆ వాయిస్‌లన్నీ విని ఒక షీట్‌లోకి ఎక్కించాలి: సైట్, అయిన పని, కావాల్సిన సామాను, తెచ్చేది ఎవరు, ఎప్పటికి. వాయిస్ మెసేజ్‌లో నాలుగు రోజుల కిందటి మాట వెతకడం నరకం, షీట్‌లో వెతకడం క్షణం. ఆ అరగంట దండగ అనిపిస్తుంది కానీ, తప్పు సామాను ఒక్కసారి తప్పినా దాని విలువ వచ్చేసినట్టే. చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులైనా, మందుల పంపిణీదారులైనా, ఈవెంట్స్ చేసేవాళ్లయినా ఇదే పద్ధతి చిన్న చిన్న మార్పులతో సరిపోతుంది.

వాట్సాప్‌తో ఉన్న అసలు ప్రమాదం వేరే. అకౌంట్ ఉద్యోగి సొంత నంబర్ మీద ఉంటుంది. అతను మానేసిన రోజు కస్టమర్ల మాటలు, ఫొటోలు, రేట్లు అన్నీ ఆ ఫోన్‌లోనే వెళ్లిపోతాయి. గ్రూప్‌లోంచి తీసేయడం గుర్తున్నా పాత మెసేజీలు అతని దగ్గరే ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం కస్టమర్ వివరాలను కాపాడే బాధ్యత సంస్థది, తగిన భద్రత పెట్టకుండా అవి బయటికి పోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. అంతకు ముందే, 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సైబర్ సంఘటన దృష్టికి వచ్చిన ఆరు గంటల్లో తెలియజేయాలని, లాగ్స్ (సిస్టమ్‌లో జరిగినవాటి రికార్డులు) 180 రోజులు దాచాలని ఉంది. కస్టమర్ల ఆధార్, పాన్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆఫీసు ఈ నియమాలను ఎలా పాటిస్తుందో ఓనర్ కూర్చుని ఆలోచించుకోవాలి. పని మాటలకు వాట్సాప్ ఉండొచ్చు. గుర్తింపు కాగితాలు, బ్యాంకు వివరాలు మాత్రం సంస్థ పేరు మీద ఉన్న డ్రైవ్‌లోకే, అది కూడా అవసరమైన ఇద్దరు ముగ్గురికి మాత్రమే.

కాల్స్ విషయానికి వస్తే, హైబ్రిడ్‌లో అన్నిటికన్నా అన్యాయం జరిగేది సగం మంది గదిలో, సగం మంది స్క్రీన్ మీద ఉన్న మీటింగ్‌లో. కాన్ఫరెన్స్ రూమ్ టేబుల్ మధ్యలో ఒక మైక్. ఆ చివర కూర్చున్నవాళ్ల మాట బయటివాళ్లకు గుసగుసలా వినిపిస్తుంది. గదిలో ఎవరో ఏదో అంటారు, అందరూ నవ్వుతారు, వరంగల్ నుంచి కలిసిన కుర్రాడికి ఎందుకు నవ్వారో తెలియదు. వైట్‌బోర్డు మీద గీసిన బొమ్మ అతనికి తెల్లటి మెరుపులా కనిపిస్తుంది. పది నిమిషాలకు అతను మ్యూట్ పెట్టుకుని వేరే పని చూసుకుంటాడు, అందులో అతని తప్పేమీ లేదు. ఖరీదైన కెమెరాలు కొనే ముందు ఉచితంగా చేయగలిగింది ఒకటుంది. ఒక్కరు బయట ఉన్నా గదిలో ఉన్నవాళ్లంతా ఎవరి ల్యాప్‌టాప్‌తో వాళ్లు కాల్‌లోకి రావాలి. మైక్, స్పీకర్ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉంచి మిగతావాళ్లు సౌండ్ పూర్తిగా ఆపేసుకోవాలి, లేకపోతే ఎకో చెవులు పగలగొడుతుంది. బొమ్మ గీయాలంటే గోడ మీద కాకుండా అందరికీ కనిపించే స్క్రీన్ మీద. బయట ఉన్నవాళ్లను ముందు మాట్లాడనివ్వాలి. గదిలో ఉన్నవాళ్లు ఎలాగూ మధ్యలో దూరగలరు, బయటివాళ్లు దూరలేరు.

నెట్ గురించి ఒక మాట. జూమ్ చెప్పే లెక్కలో ఆడియోకి సెకనుకు 60 నుంచి 80 కిలోబిట్లు చాలు, వీడియో లేని స్క్రీన్ షేర్‌కి కూడా దాదాపు అంతే. అదే బాగా కనిపించే వీడియోకి దానికి ఎన్నో రెట్లు కావాలి. ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉండి మొబైల్ హాట్‌స్పాట్ మీద పనిచేసే మనిషిని కెమెరా ఆన్ చేయమని పట్టుబట్టడం అంటే అతని మాట తెగిపోయేలా చేయడమే. ముఖం చూడాలనుకుంటే మొదటి రెండు నిమిషాలు చాలు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతున్నా రూటర్‌కి ఆ లైన్ లేక నెట్ పోయే ఇళ్లు ఎన్నో. రూటర్‌కి చిన్న యూపీఎస్ కొనివ్వడం చాలా సాఫ్ట్‌వేర్ లైసెన్సుల కన్నా తొందరగా ఫలితమిస్తుంది. ఉచిత ప్లాన్ల మీద నడిచే చిన్న టీములు జూమ్ నలభై నిమిషాల హద్దును, గూగుల్ మీట్‌లో ముగ్గురు దాటితే గంట హద్దును ముందే గుర్తుపెట్టుకోవాలి. క్లయింట్ ధర మాట్లాడుతుండగా కాల్ తెగిపోతే పరువు పోతుంది.

హైదరాబాద్‌కి ప్రత్యేకంగా ఉన్న భారం అమెరికా గడియారం. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదిన్నర అంటే వేసవిలో మనకు రాత్రి ఏడు, చలికాలంలో ఎనిమిది. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. యూరప్ జరిపేది మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో. మూడు చోట్ల మనుషులున్న టీమ్‌కి ఆ మధ్య వారాల్లో కాల్స్ అన్నీ గంట అటూ ఇటూ అవుతాయి. క్యాలెండర్‌లో మీటింగ్ ఏ ప్రాంతపు టైమ్ మీద పెట్టారో చూసుకోకపోతే ఆ సోమవారం ఒకరు ఖాళీ కాల్‌లో కూర్చుంటారు. కాలిఫోర్నియా అయితే వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటల తేడా. ఇద్దరికీ సౌకర్యంగా ఉండే గంట లేనే లేదు. అక్కడ కాల్ కంటే రాత మీద ఆధారపడటం తప్ప దారి లేదు.

అందుకే రోజు చివర అవతలివాళ్లకు పని అప్పగిస్తూ రాసే హ్యాండోవర్ నోట్ అన్నది హైదరాబాద్ టీముల దగ్గర ఉన్న అత్యంత విలువైన టూల్, దానికి లైసెన్స్ అక్కర్లేదు. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: పని నడుస్తోంది, అప్‌డేట్ చేస్తాం. దీంతో అవతలివాళ్లకు మిగిలేది టెన్షన్, మనకు మిగిలేది రాత్రి పదకొండుకు ఫోన్. పనికొచ్చే నోట్ ఇలా ఉంటుంది:

"పేమెంట్ పేజీ మార్పు: కోడ్ అయింది, టెస్టింగ్ సగం అయింది. కార్డ్ కేసులన్నీ పాస్. యూపీఐ కేసుల్లో మూడోది ఫెయిల్ అవుతోంది, లాగ్ టికెట్‌లో పెట్టాను. మీ వైపు నుంచి కావాల్సింది ఒక్కటే, టెస్ట్ అకౌంట్ లిమిట్ పెంచాలి. మాకు రేపు పొద్దున పదికల్లా అది అయితే సాయంత్రానికి ముగిస్తాం. కాకపోతే సోమవారమే."

ఏం అయింది, ఏం ఆగింది, ఎవరి వల్ల కదులుతుంది, కదలకపోతే ఏమవుతుంది అన్న నాలుగు సంగతులూ అందులో ఉన్నాయి. ఇది చదివిన మనిషి ఫోన్ చేయడు, లిమిట్ పెంచి నిద్రపోతాడు. రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది, రెండు దేశాల్లో చెరో గంట మిగులుతుంది. ఇంగ్లిష్ బాగా రాని కుర్రాళ్లు ఈ నోట్లకు భయపడి "విల్ అప్‌డేట్"తో సరిపెడతారు. వాళ్లకు భాష దిద్దడం కంటే ఈ నాలుగు ప్రశ్నల ఫార్మ్ ఇస్తే వెంటనే మెరుగుపడతారు. మన టీమ్ లోపలి నోట్ అయితే తెలుగులోనో, తెలుగూ ఇంగ్లిషూ కలిపో రాసుకోనివ్వాలి. ఏ భాషలో ఆలోచిస్తారో అందులో రాసినప్పుడే విషయం స్పష్టంగా వస్తుంది.

దూరంగా పనిచేస్తే నిజంగా ఏం పోతుందో పరిశోధనలు కొంత తేల్చాయి. 61,182 మంది అమెరికా మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల మెయిళ్లు, కాల్స్, మీటింగుల తీరును పరిశీలించిన అధ్యయనం 2021లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చింది. అంతా రిమోట్ అయ్యాక తమ గుంపులోని వాళ్లతో బంధం గట్టిపడింది, వేరే గుంపులతో సంబంధాలు సన్నబడ్డాయి. మరోవైపు, చైనా కంపెనీ ట్రిప్ డాట్ కామ్‌లో 1,612 మంది మీద జరిపిన ప్రయోగం 2024లో నేచర్‌లో వచ్చింది. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితీరులో తగ్గుదల కనిపించలేదు, ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. రెండూ కలిపి చూస్తే హైబ్రిడ్‌కి భయపడనక్కర్లేదు, కానీ టీముల మధ్య దారి దానంతట అది ఉండదు, వేయాలి. ప్రైవేట్ మెసేజీల కన్నా అందరూ చూడగలిగే ఛానెళ్లలో మాట్లాడుకోవడం ఆ దారుల్లో ఒకటి. పక్క టీమ్ వాళ్లు చదవగలిగితే వాళ్లకు తెలిసింది చెప్తారు. ఆఫీసుకు వచ్చే రోజుల్ని కూడా ఇందుకే వాడుకోవాలి. రెండు గంటలు ట్రాఫిక్‌లో వచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పక్క సీటు మనిషితో చాట్‌లో మాట్లాడి వెళ్లిపోతే ఆ ప్రయాణం వృథా.

నిఘా సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. స్క్రీన్‌షాట్లు తీసేవి, మౌస్ కదలికలు లెక్కపెట్టేవి కొన్న చోట జనం మౌస్ కదపడం నేర్చుకుంటారు. పేరు పక్కన పచ్చ చుక్క వెలిగిందా లేదా అన్నది పని జరిగిందా లేదా అన్నది చెప్పదు. టికెట్లు నిజాయితీగా రాసే అలవాటు ఉంటే చుక్కతో పనే ఉండదు.

కొనే ముందు అడగాల్సిన ప్రశ్నల్లో అమ్మేవాళ్ల డెమోలో ఎప్పుడూ రానిది ఒకటుంది: వదిలేయాలనుకుంటే మా సమాచారం ఏ రూపంలో తిరిగిస్తారు? టూల్స్‌కి ఆయుష్షు ఉంటుంది. ఆఫీసు చాట్ టూల్ హిప్‌చాట్ 2019లో మూతపడింది. ప్రపంచానికి నెట్ కాల్ అలవాటు చేసిన స్కైప్ 2025 మే 5న ఆగిపోయింది. ఫేస్‌బుక్ కంపెనీ మెటా ఆఫీసుల కోసం నడిపిన వర్క్‌ప్లేస్ అనే టూల్‌ను మూసేస్తున్నట్టు 2024లో ప్రకటించింది. కాబట్టి ట్రయల్ కాలంలోనే ఎక్స్‌పోర్ట్ నొక్కి చూడాలి. వచ్చిన ఫైల్ తెరిచి, అందులో ఒక పాత నిర్ణయం వెతికి చూడాలి. మెసేజీలు వచ్చి అటాచ్‌మెంట్లు రాకపోతే ఆ సంగతి సంతకం పెట్టకముందే తెలుస్తుంది. అడ్మిన్ ఐడీ ఒక మనిషి సొంత జీమెయిల్ మీద ఉందేమో కూడా ఆ రోజే చూసుకోవాలి. చిన్న కంపెనీల్లో ఇది మామూలుగా జరిగే పొరపాటు, ఆ మనిషి వెళ్లిపోయాకే బయటపడుతుంది.

ట్రయల్‌ని కంపెనీ అంతటా ఒకేసారి పెట్టకూడదు. ఒక్క టీమ్, రెండు వారాలు, ఒక నిజమైన పని. ఆ టీమ్‌లో టెక్నాలజీ అంటే ఉత్సాహం ఉన్నవాళ్లతో పాటు విసుక్కునేవాళ్లు ఒకరిద్దరు ఉండాలి. కొత్త టూల్ నిలబడుతుందో లేదో తేల్చేది విసుక్కునేవాళ్లే. కొత్తది వచ్చిన రోజే పాతదాన్ని ఎప్పుడు మూస్తారో తేదీ చెప్పాలి. రెండూ పక్కపక్కన బతికితే సమాచారం రెండు చోట్లా సగం సగం ఉంటుంది, అది అసలు ఒక్కటీ లేకపోవడం కన్నా అధ్వానం.

ఆ రెండు వారాల మధ్యలో, ముందు చెప్పకుండా, ఒక బుధవారం మధ్యాహ్నం మూడింటికి అందరినీ ఇంటికి పంపేయండి, బయట ఎండ కాస్తున్నా సరే. వెళ్లే ముందు ఒక్కటే చెప్పండి: సాయంత్రం పని చేస్తూ ఉండగా ఎవరినైనా ఫోన్ చేసి అడగాల్సి వస్తే, ఏం అడిగారో, ఎవరిని అడిగారో ఒక షీట్‌లో రాయండి. గురువారం పొద్దున ఆ షీట్ తెరిస్తే కనిపించేవాటిలో సగం యాక్సెస్ గురించే ఉంటాయి: ఫోల్డర్ తెరుచుకోలేదు, వీపీఎన్ పనిచేయలేదు, ఓటీపీ ఇంకొకరి ఫోన్‌కి పోయింది. అవి ఆ రోజే బాగైపోతాయి. మిగతా సగంలో "ఎవరిని అడిగారు" అన్న వరుసలో ఒకే పేరు ఆరేడు సార్లు పడి ఉంటుంది. టీమ్‌కి కావాల్సినదంతా ఆ మనిషి బుర్రలో ఉంది. డాక్యుమెంట్ రాయడం అతనితో కూర్చునే మొదలుపెట్టాలి, అతను పెళ్లికో పేరంటానికో వారం సెలవు పెట్టేలోపే.